గెడ్డకు నెంబరేది?

హనుమంతవాక జంక్షన్లో రోజూ బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, వాక అంటే ఏరు. వాగు, వంక, వాక అన్నీ ఒకే కుటుంబం మాటలు. ముడసర్లోవలో లోవ అంటే కొండల నడుమ పల్లం, నీరు దిగి చేరే చోటు. పాత ఊళ్లో చావులమదుములో ఉన్న మదుము నీటిని దాటించడానికి కట్టే తూములాంటిది. విశాఖపట్నంలో ఇలా నీటి పేరు పెట్టుకున్న వీధులు, కూడళ్లు చాలానే ఉన్నాయి. జనం నోట్లో నీటికి గుర్తింపు బాగానే ఉంది, కాగితం మీదకి వచ్చేసరికే తేడా వస్తోంది.

ఊళ్లో ఏదో ఒక గెడ్డను, అంటే ఇక్కడి మాటలో వాగును, తీసుకోండి, కొండ మీద పుట్టి కాలనీల మధ్య నుంచి సముద్రానికి పోయేది. రెవెన్యూ వాళ్ల రికార్డులో అది ఫలానా సర్వే నెంబరులోని గెడ్డ పోరంబోకు. కార్పొరేషన్ వాళ్లకి వర్షపు నీటి కాలువ. దాని దారిలో చెరువు ఉంటే ఇరిగేషన్ వాళ్లకి ఆ చెరువుకి నీళ్లు తెచ్చే పాయ. సర్వే ఆఫ్ ఇండియా పటంలో సన్నని గీత, చాలాసార్లు పేరు కూడా ఉండదు. సముద్రం దగ్గరకొచ్చి ఉప్పునీరు ఎగదన్నే చోట కోస్తా నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జెడ్, నిబంధనల్లో క్రీక్. కాలుష్య నియంత్రణ మండలికైతే అక్కడ నీటి నమూనా తీసే కేంద్రం ఉంటేనే అది లెక్కలోకి వస్తుంది, లేకపోతే లేదు. నీరు ఒక్కటే, గుర్తింపులు ఆరు, వాటిలో ఒకదానికి ఇంకొకదానితో సంబంధం లేదు.

ఇది గుమాస్తాలు చూసుకునే చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఒక నీటిని ఏమని పిలుస్తారు, ఏ నెంబరు కింద రాస్తారు అన్నదాన్ని బట్టే దానికి ఎంత దూరం వదిలి ఇల్లు కట్టాలో, మురుగు కలిపితే ఎవరు అడగాలో, పూడ్చేస్తే ఎవరు జవాబు చెప్పాలో తేలుతుంది.

ముందు పేర్ల సంగతి. పేరుంటే చాలదా, నెంబరెందుకు అని ఎవరైనా అడగొచ్చు. పాడేరు వైపు కొండల్లో మత్స్యగెడ్డ అని ఉంది. అదే నీరు ఒడిశా సరిహద్దుకి చేరేసరికి మాచ్‌ఖండ్, ఇంకా కిందకి దిగితే సీలేరు, మోటు దగ్గర శబరిలో కలిశాక శబరి, కూనవరం దగ్గర గోదావరిలో కలిశాక గోదావరి. కొండ మీద గెడ్డ అనిపించుకున్న నీరు రాజమండ్రి దగ్గర గోదారమ్మ అవుతుంది. దీనికి పూర్తిగా ఎదురు కథ గోస్తనిది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, తాటిపూడి రిజర్వాయర్ నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసేది ఒక గోస్తని. పశ్చిమ గోదావరిలో తణుకు ఒడ్డున పారేది ఇంకో గోస్తని. ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. సువర్ణముఖి కూడా అంతే, శ్రీకాళహస్తి దగ్గర ఒకటి, ఇటు ఉత్తరాంధ్రలో నాగావళిలో కలిసేది ఒకటి. మన మేఘాద్రిగెడ్డనే తీసుకున్నా, ఇంగ్లీషు కాగితాల్లో, పరిశోధన పత్రాల్లో చాలాచోట్ల అది మేహాద్రిగెడ్డ. కంప్యూటర్లో ఒక పేరుతో వెతికితే ఇంకో పేరుతో ఉన్న ఫైలు దొరకదు. ఒకే నీటికి నాలుగు పేర్లు, నాలుగు నీళ్లకి ఒకే పేరు ఉన్నప్పుడు పేరు మీద చట్టం నడపడం కష్టం. అందుకే నెంబరు కావాలి.

నెంబరు పెట్టడానికి లోకంలో రెండు రకాల ఆలోచనలున్నాయి. రెండూ వేరు వేరు పనులకి పనికొస్తాయి, చాలామంది రెంటినీ కలిపేస్తుంటారు.

మొదటిది వరస చెప్పే నెంబరు. సింహాచలం కొండ మీద వాన పడిందనుకోండి. రాళ్ల మధ్య నుంచి మొదటగా కట్టే సన్నని చాలు, ఇంకే చాలూ వచ్చి కలవనిది, దానికి 1. రెండు ఒకట్లు కలిస్తే అక్కణ్ణుంచి కిందకి 2. రెండు రెండ్లు కలిస్తే 3. అయితే రెండులో ఒకటి వచ్చి కలిస్తే మాత్రం అది రెండుగానే ఉంటుంది, సమానమైనవి కలిస్తేనే మెట్టు పెరుగుతుంది. అమెరికాలో 1945లో హోర్టన్ ఈ దారి మొదలుపెడితే, 1952లో స్ట్రాలర్ దాన్ని ఇప్పుడు వాడుతున్న రూపానికి తెచ్చాడు. మన యూనివర్సిటీల్లో భూగర్భ శాస్త్రం, భూగోళం చదివే పిల్లలు పటం మీద పెన్సిల్‌తో వేసే లెక్క ఇదే. దీనివల్ల ఒక విషయం బాగా తెలుస్తుంది: ఏ నదీ వ్యవస్థలోనైనా ఒకటో వరస చాళ్లే ఎక్కువ, రెండోవి వాటిలో మూడో వంతో నాలుగో వంతో ఐదో వంతో, మూడోవి ఇంకా తక్కువ. అంటే నీరు మోసే దారుల్లో చాలా భాగం పేరులేని చిన్న చాళ్లేనన్నమాట. లేఅవుట్ వేసేటప్పుడు ముందుగా మాయమయ్యేవీ అవే.

కానీ ఈ పద్ధతికి పెద్ద చిక్కుంది. ఏ పటం మీద లెక్కపెట్టారన్నదాన్ని బట్టి నెంబరు మారిపోతుంది. విశాఖపట్నం సర్వే ఆఫ్ ఇండియా వారి 65 ఓ పటంలోకి వస్తుంది. అందులో 1:50,000 స్కేలు షీట్లు తీసుకుంటే 1 సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. 10 మీటర్ల వెడల్పున్న గెడ్డ ఆ కాగితం మీద మిల్లీమీటరులో ఐదో వంతు, పెన్సిల్ మొన కంటే సన్నం. ఇంకా పెద్ద స్కేలు పటం తీసుకుంటే కొత్త చాళ్లు కనిపిస్తాయి, నిన్న 1 అనుకున్నది ఇవాళ 2 అవుతుంది. పైగా ఆ షీట్లలో ఏడాది పొడుగునా నీరుండే దారి నీలం గీత, వానల్లోనే పారేది నల్ల గీత. విశాఖ చుట్టుపక్కల కొండలు పొట్టివి, ఉత్తరాన కైలాస కొండల వరస, దక్షిణాన యారాడ కొండ, నడుమ ఊరు, అటుపక్క సముద్రం. నీరు కొన్ని కిలోమీటర్లలోనే దిగిపోతుంది. కాబట్టి ఇక్కడి గెడ్డల్లో చాలావరకు నల్ల గీతలే. నల్ల గీత చూసి ఎండిన దారే కదా అనుకుంటే ఆక్రమణకి అంతకంటే మంచి సాకు దొరకదు.

ఇంకో మాట. వరస నెంబరు తరగతి చెప్తుంది, మనిషిని చెప్పదు. ఐదో క్లాసు అంటే బడిలో ఏ పిల్లాడో ఎలా తెలియదో, ఒకటో వరస చాలు అంటే ఏ చాలో అలాగే తెలియదు. రోల్ నెంబరు కావాలి. దాని కోసం వచ్చిందే రెండో రకం.

బ్రెజిల్ ఇంజనీరు ఓటో ఫాఫ్‌స్టెటర్ 1989లో చెప్పిన పద్ధతి చాలా తేలికైనది, ఒకసారి అర్థమైతే వదలబుద్ధి కాదు. మన గోదావరితోనే చూద్దాం. పరీవాహక ప్రాంతం లెక్కన నాలుగు పెద్ద ఉపనదులు తీసుకోవాలి: ప్రాణహిత, ఇంద్రావతి, మంజీర, శబరి. ఒక్క ప్రాణహితదే సుమారు 1.09 లక్షల చదరపు కిలోమీటర్లు, మొత్తం గోదావరి 3.12 లక్షల పైచిలుకు అయితే అందులో మూడో వంతు దాటింది. ఈ నాలుగింటికీ సముద్రం వైపు నుంచి పైకి వెళ్తూ సరి సంఖ్యలు ఇస్తారు. శబరి 2, ఇంద్రావతి 4, ప్రాణహిత 6, మంజీర 8. మిగిలిన అసలు నది ముక్కలకి బేసి సంఖ్యలు. సముద్రం నుంచి కూనవరం దాకా 1, అక్కణ్ణుంచి ఇంద్రావతి కలిసే చోటు దాకా 3, ఆపైన కాళేశ్వరం దాకా 5, కందకుర్తిలో మంజీర కలిసే దాకా 7, అంతకు పైన నాసిక్ దాకా ఉన్నదంతా 9. మానేరు కొంచెం చిన్నది కాబట్టి దానికి సొంత సంఖ్య దొరకదు, 7లో పడుతుంది. తర్వాత ఒక్కో ముక్కనీ మళ్లీ ఇలాగే తొమ్మిదిగా కోస్తారు. శబరి 2 కదా, దాని లోపల 21 నుంచి 29 దాకా వస్తాయి. సీలేరు శబరికి పెద్ద ఉపనది కాబట్టి దానికి అందులో సరి సంఖ్య ఖాయం. ఇలా కోసుకుంటూ పోతే పాడేరు కొండల్లో మత్స్యగెడ్డకి కూడా 2తో మొదలయ్యే పొడుగాటి నెంబరొకటి వస్తుంది. పేరు మారిన ప్రతిచోటా నెంబరు మారదు.

దీని అసలు బలం ఎక్కడుందంటే, నెంబరు చూస్తే చాలు ఎవరి నీరు ఎవరికి చేరుతుందో పటం తెరవకుండా చెప్పొచ్చు. పటాన్‌చెరు వైపు పారిశ్రామిక వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలోకి వెళ్లిన చరిత్ర అందరికీ తెలిసిందే. మంజీర 8. అక్కడ కలిసింది 7, 5, 3, 1 లకి వెళ్తుంది, ఎందుకంటే అవి దానికంటే చిన్న బేసి సంఖ్యలు, అంటే కిందనున్న అసలు నది. 6, 4, 2 లకి, అంటే ప్రాణహితకి, ఇంద్రావతికి, శబరికి వెళ్లదు, అవి పక్కనుంచి వచ్చి కలిసేవి. 9కీ వెళ్లదు, అది పైన ఉంది. ఇంత సమాచారం ఒక్క అంకెలో ఇమిడి ఉంది. కలుషిత నీరు తాగునీటి పంపుహౌస్ దాకా వస్తుందా రాదా అని అర్ధరాత్రి తేల్చుకోవాల్సిన అధికారికి ఇంతకంటే పనికొచ్చే నెంబరు ఉండదు. శాటిలైట్ ఎత్తుల లెక్కల నుంచి తయారైన ప్రపంచ పరీవాహక పటాలు ఇప్పుడు ఈ పద్ధతినే వాడుతున్నాయి.

దీనిలోనూ లోటుంది, దాచక్కర్లేదు. పెద్ద నదులకి బాగా కుదురుతుంది గానీ తీరం వెంబడి పొట్టి నదుల దగ్గర కొంచెం అన్యాయం చేస్తుంది. రెండు పెద్ద నదుల మధ్య ఉన్న తీరమంతా కలిపి ఒకే బేసి సంఖ్య కింద మూటగట్టేస్తారు, లోపలికి చాలాసార్లు కోస్తే గానీ గోస్తని, శారద, తాండవ, వరాహ లాంటివి బయటపడవు.

మన దేశంలో అధికారికంగా జరిగినదీ ఇంచుమించు ఇదే. కేంద్ర జల సంఘం దేశాన్ని 20 నదీ బేసిన్లుగా చూసే పాత లెక్కలో గంగ, గోదావరి, కృష్ణ లాంటి వాటికి సొంత గది ఉంది. విశాఖ నదులకి మాత్రం మహానది, పెన్నా మధ్య తూర్పుకి పారే నదులు అని ఉమ్మడి వరండా. మట్టి సర్వే వాళ్లు 1990లో తెచ్చిన వాటర్‌షెడ్ అట్లాస్ ఇంకొంచెం లోతుకి వెళ్లింది. దేశాన్ని 6 ప్రాంతాలు, 35 బేసిన్లు, 112 క్యాచ్‌మెంట్లు, 500 ఉప క్యాచ్‌మెంట్లు, 3,237 వాటర్‌షెడ్లుగా కోసి, ఒక అంకె, ఒక అక్షరం, మళ్లీ అంకె, మళ్లీ అక్షరం, అంకె అనే వరసలో కోడ్ ఇచ్చింది. గంగ, బ్రహ్మపుత్ర పోగా బంగాళాఖాతంలో కలిసే నీళ్లన్నీ 4వ ప్రాంతం, కాబట్టి విశాఖ గెడ్డల కోడ్లన్నీ 4తో మొదలవుతాయి. మంచి పనే, మట్టి కోత అరికట్టే పథకాలకి బాగా పనికొచ్చింది. కానీ 3,237 ముక్కలంటే ఒక్కో ముక్క వెయ్యి చదరపు కిలోమీటర్లకి అటూ ఇటూ. విశాఖ నగరం మొత్తం అలాంటి ఒక ముక్కలో ఇమిడిపోయి ఇంకా చోటు మిగులుతుంది. గెడ్డ దాకా అది దిగదు.

నెంబరు ఎంత తేడా తెస్తుందో చూడాలంటే తూర్పు కనుమల శిఖరం మీద నిలబడితే చాలు. రాష్ట్రాల మధ్య గోదావరి నీటి పంపకం తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ ఆ నదిని జి-1 నుంచి జి-12 దాకా పన్నెండు ఉప బేసిన్లుగా విడగొట్టి 1980లో తుది తీర్పు ఇచ్చింది. శబరి జి-12. మత్స్యగెడ్డ వైపు పడిన చినుకు జి-12 లెక్కలోకి, రాష్ట్రాల మధ్య ఒప్పందాల్లోకి, తీర్పుల్లోకి వెళ్తుంది. అదే గట్టుకి ఇవతల అనంతగిరి వైపు పడిన చినుకు గోస్తనిలోకో శారదలోకో వచ్చి తాటిపూడిలోనో రైవాడలోనో ఆగి విశాఖ కుళాయిల్లోకి వస్తుంది. దానికి ట్రిబ్యునల్ లేదు, జి నెంబరు లేదు. వానకి తేడా లేకపోయినా దాని చుట్టూ ఉన్న చట్టం మొత్తం వేరు.

ఇక ఇంటి పక్క గెడ్డ విషయానికి వద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, జీవో 168, ఏ నీటికి ఎంత దూరం వదలాలో చెప్పాయి (మన రాష్ట్రంలో 2017లో వాటి చోట కొత్త రూల్స్ వచ్చాయి). నది అయితే పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100. చెరువు 10 హెక్టార్లు అంతకు మించి ఉంటే పూర్తి నీటిమట్టం హద్దు, అంటే ఎఫ్‌టిఎల్, నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9. కాలువ, వాగు, నాలా, వర్షపు నీటి కాలువ వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, దాటకపోతే 2 మీటర్లు. ఇప్పుడు ఈ అంకెల్ని గెడ్డ పక్కన పెట్టి చదవండి. అదే నీటిని నది అంటే 50, పెద్ద వాగు అంటే 9, చిన్న కాలువ అంటే 2. గెడ్డ అన్న మాట ఆ జాబితాలోనే లేదు. ఎక్కడ వాగు ఆగి నది మొదలవుతుందో ఆ కొలతా లేదు. హద్దు తేల్చాల్సింది ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు. ఒకప్పుడు 15 మీటర్లు పారిన గెడ్డకి రెండు పక్కలా కాంక్రీటు గోడ కట్టి 8 మీటర్లకి కుదిస్తే, ఆ గోడల మధ్య కొలిచినప్పుడు అది 10 మీటర్ల లోపు కాలువే అవుతుంది, 9 మీటర్ల బఫరు 2 మీటర్లకి దిగిపోతుంది. అంటే నీటి దారిని ఇరుకు చేసిన పనే దాని పక్కన ఇంకా దగ్గరగా కట్టుకోడానికి అనుమతి తెచ్చిపెడుతుంది. నెంబరుతో పాటు అసలు వెడల్పు ఎక్కడో ఒకచోట రాసి ఉంటే తప్ప దీన్ని ఆపలేం.

చెరువుకీ ఇదే బాధ ఇంకో రూపంలో. రెండు ఊళ్ల సరిహద్దు మీద ఉన్న చెరువు ఒక ఊళ్లో ఒక సర్వే నెంబరు, ఇంకో ఊళ్లో ఇంకో నెంబరు. ఒకటి 6 హెక్టార్లు, ఒకటి 5 అనుకుందాం. నీటికి అది 11 హెక్టార్ల ఒక్క చెరువు, 30 మీటర్లు వదలాలి. కాగితం మీద విడివిడిగా చూస్తే రెండు చిన్న చెరువులు, 9 మీటర్లు చాలు.

మూలం ఏంటంటే సర్వే నెంబరు నేలకి పెట్టింది, నీటికి కాదు. శిస్తు వసూలు కోసం పుట్టిన లెక్క అది. పొలానికి ఒక నెంబరు, శిస్తు రాని చెరువుకి, గెడ్డకి, శ్మశానానికి పోరంబోకు అని ఇంకో నెంబరు. గెడ్డ ఊరి పొలిమేర దాటగానే నెంబరు మారిపోతుంది, పైఊళ్లో దాని నెంబరుకీ కిందిఊళ్లో దాని నెంబరుకీ ఏ పొంతనా ఉండదు. సన్న చాలైతే దానికసలు నెంబరే రాదు, పట్టా పొలం ఎఫ్‌ఎంబిలో, అంటే పొలాల కొలతల పుస్తకంలో, ఒక గీతగా ఉండిపోతుంది. ఆ పొలం ప్లాట్లుగా మారిన రోజు గీత కూడా పోతుంది. పైగా ఈ ప్రాంతంలో చాలా ఊళ్లు విజయనగరం లాంటి జమీన్ల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంట్ జరిగి, ఏ నెంబరు ఏ రకం నేలో చెప్పే ఫెయిర్ అడంగల్ అనే రికార్డు రాశారు. చెరువు గర్భం మీద, గెడ్డ మీద ఈరోజు ఏ గొడవొచ్చినా మొదట తీసేది ఆ పుస్తకమే. అందులో గెడ్డ అని రాసి ఉంటే సగం గెలిచినట్టు. బంజరు అనో ఇంకేదో అనో ఉంటే, నీరు కళ్ల ముందు పారుతున్నా దాన్ని గెడ్డ అని నిరూపించడానికి ఏళ్లు పడుతుంది.

అలాగని జాతీయ స్థాయిలో ఎవరూ లెక్కపెట్టలేదని కాదు. దేశంలో మొదటిసారి జరిగిన నీటి వనరుల గణన 2023లో బయటికొచ్చింది. మొత్తం 24,24,540. అందులో ఆంధ్రప్రదేశ్‌వి సుమారు 1.90 లక్షలు, బెంగాల్, ఉత్తరప్రదేశ్ తర్వాత మూడో స్థానం. సాగు చెరువుల్లో అయితే దేశంలో మనదే మొదటి స్థానం. ప్రతి చెరువుకీ ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ఎక్కించారు, ఆక్రమణ ఉందా, వాడుకలో ఉందా అన్నవీ రాశారు. ఇది నిజంగా పెద్ద పని, ఇన్నాళ్లూ లేనిది. కానీ ఆ గణనలో నీటి వనరు అంటే చుట్టూ హద్దుండి నీరు నిలవుండేది. కట్టడి లేకుండా పారే నది, వాగు, ఊట, కాలువ లెక్కలోకి రావు. ఉత్తరాంధ్ర ఊళ్లలో బంద, అంటే చిన్న చెరువు, ఉంది, పెద్ద చెరువు ఉంది, అవి వస్తాయి. వాటికి నీళ్లు తెచ్చే గెడ్డ రాదు. దారి పోయాక చెరువుకి నెంబరుండి ఏం లాభం?

చిత్తడి నేలల వైపు చూసినా దారి మూసే ఉంది. ఇస్రో వాళ్లు 2011 నాటికి శాటిలైట్ చిత్రాలతో 2.25 హెక్టార్లకి మించినవి 2,01,503 గుర్తించారు, అంతకంటే చిన్నవి ఐదున్నర లక్షల పైనే చుక్కలుగా పెట్టారు. 2017లో సుప్రీంకోర్టు ఆ 2,01,503కి రక్షణ సూత్రాలు వర్తించాలంది. అదే ఏడాది వచ్చిన కొత్త చిత్తడి నేలల నిబంధనలు నదీ మార్గాల్ని, వరి మళ్లని, తాగునీటికో సాగుకో మనుషులు కట్టిన చెరువుల్ని నిర్వచనం నుంచి తీసేశాయి. కొండకర్ల ఆవ లాంటి సహజమైన పెద్ద సరస్సుకి అక్కడ చోటుంది. ఐదెకరాల బందకి లేదు, గెడ్డకి అసలే లేదు.

కాలుష్యం లెక్కా అంతే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీ భాగాలు చూపించింది, 2022లో 311. నీటిలో బీఓడీ, అంటే అందులోని మురుగు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్, లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటితే ఆ భాగం జాబితాలోకి వస్తుంది, 30 దాటితే మొదటి ప్రాధాన్యం. 2018 జాబితాలో మన రాష్ట్రం నుంచి ఐదు: గోదావరి, కృష్ణ, తుంగభద్ర, కుందు, నాగావళి. విశాఖలో మురుగు మోసే గెడ్డ ఏదీ అందులో లేదు. అవి శుభ్రంగా ఉన్నాయని కాదు, అవి నదులు కావని. మేఘాద్రిగెడ్డ నీరు ఓడరేవు లోపలి పాయలోకి చేరుతుంది. నది కాదన్నా అది మోసుకొచ్చేది మోసుకొస్తూనే ఉంటుంది.

ఒక్క సముద్రపు అంచున మాత్రం కొలత స్పష్టంగా ఉంది. ఉప్పునీరు ఎక్కడిదాకా ఎగదన్నుతుందో, బాగా ఎండిన కాలంలో ఉప్పు వెయ్యికి 5 పాళ్లు ఉన్న చోటుని బట్టి తేలుస్తారు. అక్కడిదాకా సీఆర్‌జెడ్ వర్తిస్తుంది. 2011 నోటిఫికేషన్లో ఒడ్డు నుంచి 100 మీటర్లు లేదా పాయ వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019లో ఆ 100ని 50 చేశారు. దూరం తగ్గించడం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, అది మంచిది కాదన్నది ఈ వ్యాసం అభిప్రాయం. కానీ పేరుతో పని లేకుండా నీటి గుణాన్ని కొలిచి గుర్తించే ఈ పద్ధతి మాత్రం మెచ్చుకోదగ్గది. నది అన్నా గెడ్డ అన్నా క్రీక్ అన్నా ఉప్పు కొలిచే పరికరం ఒకే మాట చెప్తుంది.

బయటి దేశాల్లోనూ ఇదేమీ తీరిపోయిన సమస్య కాదు. అమెరికాలో ప్రతి పరీవాహక ముక్కకీ 2 అంకెల నుంచి 12 అంకెల దాకా కోడ్ ఉంది, చాలా చక్కగా చేశారు. అయినా 2023లో సాకెట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఫెడరల్ నీటి చట్టం ఇంచుమించు ఎప్పుడూ నీరుండే వాటికీ, వాటితో విడదీయరానంతగా కలిసున్న చిత్తడి నేలలకే వర్తిస్తుందని తేల్చింది. వాన వచ్చినప్పుడే పారే చాళ్లకి నెంబరుంది గానీ ఆ రక్షణ పోయింది. యూరప్ 2000లో తెచ్చిన నీటి చట్టం ఇంకో దారి పట్టింది. నదిని ముక్కలు చేసి ప్రతి ముక్కనీ ఒక యూనిట్‌గా నమోదు చేసి, ఒక్కోదాని ఆరోగ్యం విడిగా చెప్పాలంది. వర్గీకరణలో ఒక పద్ధతి నదికి 10 చదరపు కిలోమీటర్ల పరీవాహకం, సరస్సుకి అర చదరపు కిలోమీటరు దగ్గర మొదలవుతుంది. ఆ కొలత పెడితే విశాఖలో కొండ నుంచి సముద్రానికి గబగబా దిగిపోయే పొట్టి గెడ్డలు చాలావరకు బయటే ఉండిపోతాయి. కాబట్టి ఎవరి కొలతా అచ్చంగా తెచ్చుకుంటే కుదరదు, ఈ కొండలకి ఈ కొలతే పెట్టుకోవాలి.

చేయాల్సింది పెద్ద ఖర్చు పని కూడా కాదు. ఊరి ఎత్తుపల్లాల లెక్క ఇప్పుడు శాటిలైట్ల నుంచి దొరుకుతుంది. దాని మీద ప్రతి గెడ్డకీ, అది కొండ దగ్గర పుట్టిన చోటు నుంచి సముద్రంలోనో ఓడరేవులోనో కలిసే చోటు దాకా, ఫాఫ్‌స్టెటర్ లాంటి ప్రవాహపు నెంబరు ఒకటి పెట్టొచ్చు. ఆ నెంబరు కింద అది తాకే సర్వే నెంబర్లన్నీ ఊరివారీగా రాయాలి. ఏ చెరువుకి నీరిస్తుందో గణనలో ఆ చెరువు నెంబరు రాయాలి. కార్పొరేషన్ కాలువ నెంబరు రాయాలి. పాత పటంలో ఉన్న వెడల్పు, ఇవాళ్టి వెడల్పు రెండూ పక్కపక్కన రాయాలి. అప్పుడు కింద ఇల్లు మునిగితే పైన ఎక్కడ దారి మూసుకుందో వెనక్కి వెళ్లి చూడటానికి ఒక దారంలాంటిది ఉంటుంది. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, నేల, చెట్ల చట్టం, నీటి వనరుల్ని గుర్తించి ప్రకటించే అధికారం ఇచ్చింది కాబట్టి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు.

సమయం కూడా ఇదే. రాష్ట్రంలో 2020 చివర మొదలైన రీసర్వేలో పాత సర్వే నెంబర్ల బదులు ల్యాండ్ పార్శిల్ మ్యాప్ నెంబర్లు, అందరూ ఎల్‌పీఎం అంటున్నవి, వస్తున్నాయి. నూరేళ్లకో ఎనభై ఏళ్లకో ఒకసారి దొరికే అవకాశం ఇది. పొలం హద్దులు జీపీఎస్‌తో సెంటీమీటర్ల లెక్కన కొలుస్తున్నప్పుడు, పొలం మధ్య నుంచి పోయే చాలుని కూడా కొలిచి ఒక గడిలో ఎక్కించడం ఎంతసేపు? ఇప్పుడు ఎక్కకపోతే పాత ఎఫ్‌ఎంబిలో గీతగా అయినా మిగిలిన చాలు కొత్త రికార్డులో ఆ గీత కూడా లేకుండా పోతుంది. ఊళ్లో రీసర్వే గ్రామసభ పెట్టినప్పుడు ఎవరి పొలం హద్దు వాళ్లు చూసుకుంటారు, అది సహజం. పాత ఎఫ్‌ఎంబి, ఫెయిర్ అడంగల్ నకలు పట్టుకెళ్లి, ఈ చాలు మీ కొత్త మ్యాపులో ఎక్కడుందని సర్వేయర్ని అడిగి, లేకపోతే అక్కడే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి.